సెట్ అయితది

దుమ్ముగూడెం సెంటర్లో మోటార్ వైండింగ్ దుకాణం నడిపే అహ్మద్ పాషాకు ఇంగ్లీషు రాదు. ఒక్క మాట మాత్రం వచ్చు. ఆ ఒక్క మాటతోనే ఇన్నేళ్ళు బతుకు లాక్కొచ్చాడు, ఆ ఒక్క మాటతోనే చివరికి తన కొంప తనే ముంచుకున్నాడు. ఆ మాట 'సెట్'.

కాలిపోయిన మోటారును రైతు ఆటోలోంచి దింపకముందే, మూత విప్పి లోపలేముందో చూడకముందే, "సెట్ అయితది, నువ్ ఇంటికి పో" అనేవాడు. నారు ముదిరిపోతున్నదని, మడి నెర్రెలు బారుతున్నదని ఏడుపు ముఖంతో వచ్చినవాడు ఆ మాట వినగానే కుదుటపడి, ఎదురు హోటల్లో చాయ్ తాగి మరీ పోయేవాడు. కొత్తగూడెంలో పని నేర్పిన ఉస్తాద్ దగ్గర పాషాకు ఆ మాట అంటుకుంది. ఉస్తాద్ దాన్ని మోటార్ల వరకే వాడేవాడు. పాషా అక్కడ ఆగలేదు.

తాహెరాతో నిఖా ఖాయమైన రోజు దోస్తులతో "సెట్ అయింది" అన్నాడు. పెళ్ళికి కుట్టించిన షేర్వానీ భుజాల దగ్గర పట్టేస్తే, "తొడుగుతా ఉంటే అదే సెట్ అయితది" అన్నాడు. పక్క సందులో అన్నదమ్ములు గోడ కోసం తలలు పగలగొట్టుకుంటే ఇద్దరినీ దుకాణం ముందు బల్ల మీద కూర్చోబెట్టి, చాయ్ తాగించి, "ఇగ సెట్, లేవున్రి" అని పంపేశాడు. చలిజ్వరంతో వణికేవాడికీ అదే మాట, పదో తరగతి తప్పిన పిల్లకూ అదే మాట. గోదారి పొంగి చేనులో ఇసుక మేటలు వేసిందని నెత్తి బాదుకునే ముసలాయనకు కూడా "వచ్చే ఏడాదికి సెట్ అయితది తాతా" అని చెప్పిన ఘనుడు. తనకు పడని మనిషి ఎదురైతే మాత్రం "వాడు నాకు సెట్ కాడు" అని ముఖం తిప్పుకునేవాడు. ఇంట్లో మాటలు ఉర్దూలో నడిచేవి, బయట తెలుగులో. ఈ ఒక్క మాట రెండు చోట్లా దర్జాగా తిరిగేది.

కూతురు జెబా ఇంటర్ చదివే రోజుల్లో ఒకనాడు కాలేజీ నుంచి లావుపాటి డిక్షనరీ మోసుకొచ్చి తండ్రి ముందు తెరిచింది.

"అబ్బా, నీ మాట చూడు ఎంత పొడుగున్నదో! ఒక్క పేజీల పడ్తలేదు. పొద్దు గూకుడు కూడా సెట్టేనట. సిమెంట్ గట్టిపడుడు కూడా సెట్టేనట. గిన్నెలు సర్దుడు, అలారం పెట్టుడు, వల పన్నుడు, అన్నీ ఇదే."

పాషా ఆ పేజీ మీద నూనె వేలు పెట్టి పై నుంచి కింది దాకా పోనిచ్చాడు. అక్షరం అర్థం కాకపోయినా తనకేదో బిరుదు ఇచ్చినంత సంబరపడ్డాడు. "నాకు ముందే ఎర్క" అన్నాడు. మిషన్ ముందు కూర్చొని జాకెట్ కుడుతున్న తాహెరా తల ఎత్తకుండానే, "గన్ని అర్థాలున్న మాట ఎవనికి పనికొస్తది?" అన్నది. ముగ్గురూ నవ్వుకున్నారు.

నవ్వుకోవాల్సింది కాదు. పాషా ఆ మాట అన్న పనుల్లో సగం ఎవరూ ఏమీ చేయకపోయినా కుదుటపడేవే. జ్వరం దానంతట అదే దిగుతుంది. అన్నదమ్ములు కొట్టుకొని అలిసిపోయాక వాళ్ళే పలకరించుకుంటారు. ఆ ఘనత అంతా తన నోటిదేనని పాషా నమ్మాడు. ఊరు కూడా అట్లాగే నమ్మి అతన్ని చెడగొట్టింది. చుట్టుపక్కల ఊళ్ళ నుంచి వచ్చేవాళ్ళు మోటారు సంగతి తేలిపోయాక కూడా కాసేపు కూర్చొని, కొడుకు సంగతో, కోర్టు కేసు సంగతో చెప్పుకొని, ఆ మాట ఒకసారి అనిపించుకొని వెళ్ళేవాళ్ళు.

పని విషయంలో మాత్రం పాషాను వేలెత్తి చూపలేం. మోటారు లోపల రాగి తీగ చుట్టలు ఉంటాయి. కొత్త తీగ చుట్టాక ఆ చుట్టల కొసలను నూలు టేపుతో బిగించి కట్టి, పైన వార్నిష్ పోయాలి. కట్టు వదులైతే మోటారు తిరిగేటప్పుడు తీగకు తీగ రాసుకొని మళ్ళీ కాలిపోతుంది. పాషా కట్టిన కట్టులో గోరు దూరదు. మోకాలితో అదిమి పట్టి, పళ్ళు బిగించి, ఒక్కో చుట్టూ లాగి లాగి కట్టేవాడు. అతను కట్టిన మోటారు తిరిగి దుకాణానికి వచ్చిందంటే మరేదో పాడై ఉండాలి తప్ప, కట్టు ఊడి కాదు.

తాహెరా పనితనం ఇంకో రకం. ఇంటి ముందు గదిలో మిషన్ వేసుకొని జాకెట్లు కుట్టేది. ఆశ్రమ పాఠశాల టీచర్లు, బ్యాంకులో పనిచేసే అమ్మాయిలు, పెళ్ళి బట్టల వాళ్ళు, అందరూ భద్రాచలంలో పెద్ద పెద్ద టైలర్లను వదిలేసి ఆమె దగ్గరికే వచ్చేవాళ్ళు. టేపు పెట్టి కొలిచేది కానీ ఆ కొలత చూసేది కాదు, కంటితో మనిషిని ఒకసారి చూసి కత్తెర వేసేది. ఇల్లు నిలబడింది నిజానికి ఆమె కుడిచేతి మీదే. నాట్ల కాలం దాటితే పాషా దుకాణంలో ఈగలు తోలుకునే రోజులే ఎక్కువ. జెబా చదువు, పెళ్ళి, తల్లాడలో కాపురం పెట్టించడం, అన్నీ ఆ మిషన్ చప్పుడులోంచే వచ్చాయి.

రెండేళ్ళ కిందట, వానలు పట్టిన కొత్తలో, పెరట్లో బట్టలుతికే బండ దగ్గర తాహెరా పాచి మీద కాలు జారి పడింది. పడుతూ కుడిచెయ్యి కింద పెట్టింది. మణికట్టుకూ మోచేతికీ మధ్య చెయ్యి వంగిపోయింది. ఆమె అరుపుకు పాషా దుకాణం వదిలి పరుగెత్తుకొచ్చాడు. చూసి, అలవాటు కొద్దీ ఆ మాటే అన్నాడు.

భద్రాచలం పెద్ద దవాఖానాకు తోలుకుపొమ్మని పక్కింటివాళ్ళు చెప్పారు. పాషా ఒప్పుకోలేదు. "దవాఖానాల రాడ్లు ఏస్తరు. నెలల తరబడి పిండికట్టు. ఆమె కుట్టు ఏం గావాలె?" అన్నాడు. చర్ల రోడ్డు నుంచి లోపలికి పోతే వచ్చే చిన్న ఊళ్ళో కట్ల వీరన్న ఉన్నాడు. తాతల నాటి నుంచీ విరిగిన ఎముకలకు కట్లు కట్టే ఇల్లు అది. ఒకసారి పాషా మడమ బెణికితే వీరన్నే సరిచేశాడు. ఆటోలో అక్కడికే తీసుకుపోయాడు.

వీరన్న తాత చేతిని చాలాసేపు తడిమి చూశాడు. ఎముకను మెల్లగా లాగి, ఆకు పసరు రాసి, వెదురు బద్దలు పెట్టి, పాత నూలు చీర పీలికలతో చుట్టాడు. వేలు దూరేంత వదులుగా చుట్టాడు. "విరిగింది రెండు తావుల బిడ్డా. దవాఖానాల ఎముక ఫొటో తీయించుకుంటేనే మంచిది. వాపు వస్తది, అందుకే కట్టు వదులుగ పెట్టిన. వేళ్ళు తిమ్మిరెక్కినా, రంగు మారినా కట్టు కోసి పారేయున్రి, నన్ను అడగొద్దు. సీదా దవాఖానాకు పోన్రి" అన్నాడు. పాషా "అవ్ అవ్" అని తల ఊపాడు. వింటున్నవాడు ఊపినట్టు కాదు, దుకాణంలో మోటార్లు ఎదురుచూస్తున్నవాడు ఊపినట్టు.

తిరిగి వచ్చేటప్పుడు ఆటో గుంతల్లో పడి లేస్తుంటే తాహెరా రెండుసార్లు అరిచింది. "లోపల కటుక్కుమన్నది" అన్నది. ఇంటికొచ్చి మంచం మీద పడుకోబెట్టి పాషా కట్టు చూశాడు. పీలిక జారింది. వేలు పెడితే లోపలికి పోయింది. అతని ప్రాణం ఒప్పలేదు. ఇన్నేళ్ళుగా వదులు కట్టు చూస్తే చీదరించుకున్న మనిషి. ఎముక కదిలితే వంకరగా అతుక్కుంటుంది, వంకర చేత్తో ఆమె కత్తెర ఎట్లా పడుతుంది అనుకున్నాడు. దుకాణానికి పోయి నూలు టేపు చుట్ట తెచ్చాడు.

"కదలకు తాహెరా. జరసేపు ఓర్సుకో."

మణికట్టు నుంచి మోచేతి దాకా, వెదురు బద్దల మీద నుంచి, తనకు తెలిసిన పద్ధతిలో చుట్టాడు. ఒక్కో చుట్టూ లాగి, నొక్కి, పైదానితో బిగించి. తాహెరా కొంగు నోట్లో కుక్కుకుంది. ఆమె కళ్ళ వెంట నీళ్ళు కారుతుంటే పాషా కళ్ళలోనూ నీళ్ళు తిరిగాయి. అది నిజం. అతను ఆమెను ప్రేమించినంతగా ఆ సందులో ఏ మగాడూ భార్యను ప్రేమించలేదు. ఆ ప్రేమతోనే ముడి వేశాడు.

సాయంత్రానికి వేళ్ళు ఉబ్బాయి. "జెబా అబ్బా, వేళ్ళల్ల చీమలు పారుతున్నయి" అని తాహెరా మొగుణ్ణి పిలిచి చెప్పింది. "నెత్తురు తిరుగుతున్నదన్నట్టు. సెట్ అయితది" అన్నాడు పాషా.

మర్నాడు ఆమె చేతిని ఎవరినీ తాకనివ్వలేదు. వేలు చాపబోతే ప్రాణం పోయినట్టు కేక పెట్టింది. "జర వదులు చెయ్యి. నీ కాళ్ళు మొక్కుత, జర వదులు చెయ్యి" అన్నది. పాషా ముడి మీద చెయ్యి పెట్టాడు కూడా. పెట్టి తీసేశాడు. ఇప్పుడు విప్పితే పడ్డ కష్టమంతా పోతుంది, ఎముక జారుతుంది. మెడికల్ షాపు నుంచి నొప్పి గోలీలు తెచ్చి వేసి, తల నిమిరి, మళ్ళీ ఆ మాటే చెప్పి దుకాణానికి పోయాడు. కరెంటు వోల్టేజీ పడిపోయి మోటార్లు వరస కట్టి ఉన్నాయి. ఆ మధ్యాహ్నం తల్లాడ నుంచి జెబా, తల్లితో మాట్లాడాక తండ్రికి ఫోన్ చేసింది.

"అబ్బా, అమ్మి గొంతు బాగలేదు. చెయ్యి ఫొటో తీసి పంపు. ఈడ డాక్టర్‌కు చూపిస్త."

"చెయ్యికి ఫొటో ఏందే? సెట్ అయితది. నువ్ రంది పెట్టుకోకు."

ఆ ఫొటో ఒక్కటి పంపి ఉంటే! ఇప్పుడు అనుకొని ఏం లాభం? పంపలేదు.

మూడో పొద్దు తాహెరా నిమ్మళంగా లేచి కూర్చుంది. "నొప్పి లేదు" అన్నది. "నిజంగ లేదా?" "ఏమీ తెలుస్తలేదు. చెయ్యి ఉన్నట్టే లేదు." పాషా ముఖం వెలిగిపోయింది. "నేను చెప్పలే? సెట్ అయింది!" అని మంచం చుట్టూ తిరిగాడు. కసాయి దుకాణానికి పోయి మేక కాళ్ళు తెచ్చి, ఎముకలకు బలమని తనే పొయ్యి దగ్గర కూర్చొని పాయా వండాడు. చెంచాతో తాగించాడు. కొంగు చాటున వేళ్ళు నల్లగా కనిపిస్తే వీరన్న రాసిన ఆకు పసరు రంగనుకున్నాడు. తాహెరా కూడా అట్లాగే అనుకుంది. నిద్ర లేక వాడిపోయిన ముఖంతో, పడ్డాక మొదటిసారి నవ్వింది కూడా. ఆ ఇంట్లో ఆఖరిసారి సంతోషంగా ఉన్న పూట అదే.

ఆ మధ్యాహ్నమే ఆశా వర్కర్ సువర్ణ కుట్టుకిచ్చిన జాకెట్ అయిందేమో అడగడానికి వచ్చింది. గుమ్మంలోనే ఆగి ముక్కు ఎగబీల్చింది.

"అక్కా, ఏం వాసన ఇది? చెయ్యి చూపియ్యి."

కొంగు తీసి చూసింది. తాహెరా నల్లబడ్డ వేలును రెండు గోళ్ళ మధ్య పట్టి గట్టిగా గిచ్చింది. "తెలుస్తున్నదా?"

"ఏంది?" అన్నది తాహెరా.

"గిచ్చుతున్న గదక్కా!"

తాహెరా సువర్ణ ముఖంలోకి చూసింది. తర్వాత పాషా ముఖంలోకి చూసింది. సువర్ణ మిషన్ మీద నుంచి తాహెరా కత్తెరే అందుకుంది. టేపు కిందికి కత్తెర మొన దూరలేదు. అంత బాగా కట్టాడు పాషా. మోచేతి దగ్గర నుంచి దారం దారంగా కోసుకుంటూ వచ్చింది. టేపు విడివడిన చోట చర్మం మీద బొబ్బలు, వాటి కింద నలుపు. "ఎన్ని దినాలైంది? పాషా భాయ్, నీకు కండ్లు లేవా?" అని సువర్ణ ఏడుస్తూ అరుస్తూ అంబులెన్స్‌కు ఫోన్ చేసింది.

భద్రాచలంలో డాక్టర్ చేతిని అటూ ఇటూ తిప్పి చూశాడు. అంబులెన్స్‌లో వెంట వచ్చిన టేపు ముక్కను రెండు వేళ్ళతో ఎత్తి పట్టుకున్నాడు.

"ఇది ఎవరు కట్టిన్రు? నాటు వైద్యుడా?"

"కాదు సార్. ఆయన వదులుగనే కట్టిండు. ఇది నేను కట్టిన" అన్నాడు పాషా.

డాక్టర్ తిట్టలేదు. తిడితే పాషాకు కాస్త ఊపిరాడేది. "లోపల నెత్తురు తిరగక చెయ్యి చచ్చిపోయింది. మోచేతి కింద తీసెయ్యాలె. ఆలస్యం చేస్తే మనిషి దక్కదు" అని మాత్రం అన్నాడు.

పాషా జీవితంలో మొదటిసారి ఆ మాటను అడిగాడు. ఇన్నేళ్ళూ చెప్పడమే గానీ ఎవరినీ అడిగింది లేదు.

"సెట్ కాదా సార్?"

"కాదు."

అతని సంతకం ఎప్పటిలాగే తీరుగా పడింది. దానికే అతనికి తన మీద తనకు అసహ్యం వేసింది.

తాహెరా ఇంటికి వచ్చాక చూడవచ్చినవాళ్ళంతా పాషాకు అతని మాటనే తిరిగి ఇచ్చారు. "ఊకో పాషా భాయ్, మెల్లగ అంతా సెట్ అయితది" అని భుజం తట్టారు. వాళ్ళ తప్పేం లేదు, అతని దగ్గర నేర్చుకున్నదే. పాషా చెవులు మూసుకొని పెరట్లోకి పోయేవాడు. వీరన్న తాత కర్ర పొడుచుకుంటూ అంత దూరం నుంచి వచ్చి, తాహెరాను చూసి, "చెప్పిన గదా బిడ్డా" అని ఒక్క మాట అని తల పట్టుకొని కూర్చున్నాడు. అయినా ఊళ్ళో చాలామంది వీరన్న కట్టు వల్లే చెయ్యి పోయిందని చెప్పుకున్నారు. కాదు, నేనే అని పాషా ఎంతమందికి చెప్పినా, పాపం పెద్దమనసుతో ముసలాయన్ని కాపాడుతున్నాడని అతన్నే మెచ్చుకున్నారు. తప్పు ఒప్పుకున్నా శిక్ష దక్కని మనిషయ్యాడు. మెల్లగా ఆ సంగతి చెప్పడం మానేశాడు, సెట్ అనడమూ మానేశాడు. దుకాణానికి వచ్చిన రైతు "అయితదా భాయ్?" అని అడిగితే, చూసి చెప్తానని అంటాడు. అట్లా అనేవాళ్ళు భద్రాచలంలో చాలామంది ఉన్నారు, అందుకని రైతులు అక్కడికే పోవడం మొదలుపెట్టారు.

తాహెరా ఎడమచేత్తో మిషన్ ముందు కూర్చొని చూసింది. గుడ్డను నడిపించే చెయ్యి లేక కుట్టు ఎటో పోయింది. రెండోసారి, మూడోసారి కూడా పోయింది. ఆమె దారం తెంపి, కుట్టుకు వచ్చిన గుడ్డలన్నీ ఎవరివి వాళ్ళకు పంపించేసింది. పాషాను ఒక్క మాట అనలేదు. అతను రోజూ ఆ ఒక్క మాట కోసమే ఎదురుచూశాడు. తిడుతుందని, శాపనార్థాలు పెడుతుందని, కనీసం ముఖం తిప్పుకుంటుందని. ఆమె అన్నం తిన్నావా అని అడిగేది.

జెబా తల్లి దగ్గర చాలా రోజులు ఉంది. స్నానం చేయించడం, చీర కట్టడం, జడ వేయడం అన్నీ తనే చూసుకుంది. ఎంతకాలమని ఉంటుంది? పిల్లల బడులు, అత్తగారి ఇల్లు. ఒక ఉదయం కళ్ళు తుడుచుకుంటూ తల్లాడ బస్సెక్కింది.

ఆ మర్నాడు స్నానం చేసి వచ్చిన తాహెరా గదిలోంచి చాలాసేపు బయటికి రాలేదు. పాషా తలుపు దగ్గర నిలబడి విన్నాడు. బట్ట రాపిడి, ఊపిరి, మళ్ళీ బట్ట రాపిడి. కాసేపటికి ఆమె తలుపు తీసింది. లంగా నడుము దగ్గర ఎడమచేత్తో గుప్పిట పట్టుకొని ఉంది. నాడా ఒక కొస పళ్ళ మధ్య ఉంది, రెండోది వేలాడుతోంది.

"ముడి పడ్తలేదు" అన్నది.

పాషా ఆమె ముందు మోకాళ్ళ మీద కూర్చున్నాడు. రెండు కొసలూ అందుకున్నాడు. మెలి వేసి లాగాడు. చేతులు వాటికి తెలిసినట్టే లాగాయి.

"గట్టిగ కట్టకు" అన్నది తాహెరా.

కోపంగా అనలేదు. ఎత్తిపొడుపుగానూ అనలేదు. కూరలో ఉప్పు తక్కువ వెయ్యమన్నట్టు, మామూలుగానే అన్నది. పాషా వెంటనే మెలి విప్పేశాడు. మళ్ళీ కట్టబోయాడు. ఎంత లాగితే నిలుస్తుందో, ఎంత లాగితే ఆమెకు నొప్పి పుడుతుందో అతనికి తెలియలేదు. అడుగుదామని తల ఎత్తితే ఆమె గోడ వైపు చూస్తూ ఓపిగ్గా నిలబడి ఉంది. నాడా కొసలు రెండూ పట్టుకొని పాషా అట్లాగే కూర్చుండిపోయాడు.